యాట్ క్లబ్ పతాకం: గుర్తు ఎంపిక నుంచి గుడ్డ కోత దాకా

ఉత్తర గోగ్రహణంలో ఎదుట నిలిచిన కౌరవసేనను చూసి బెదిరిన ఉత్తరుడికి, అర్జునుడు వీరులను ముఖాలను బట్టి కాక పడగలను బట్టి చూపించాడు. బంగారు వేదిక ఉన్న పడగ ద్రోణుడిది, సింహపు తోక ఉన్నది అశ్వత్థామది, శంఖం ఉన్నది కర్ణుడిది, పాము ఉన్నది దుర్యోధనుడిది, తాటిచెట్టు ఉన్నది భీష్ముడిది. ఒక్కో పడగకు ఒక్కటే గుర్తు. ఆ వీరులను యుద్ధభూమిలో అంతకు ముందెన్నడూ చూడనివాడికి కూడా దూరం నుంచి ఆనవాలు చిక్కేంత స్పష్టంగా ఉండడమే ఆ గుర్తుల గొప్పదనం. తెరచాప పడవల మీద ఎగిరే యాట్ క్లబ్ పతాకం చేయవలసిన పని కూడా ఇదే. అలల మీద ఊగుతున్న ఒక పడవలోని మనిషి, గాలికి కొట్టుకుంటున్న చిన్న గుడ్డముక్కను మరో పడవ మీద చూసి, అది ఎవరిదో రెండు మూడు క్షణాల్లో చెప్పగలగాలి. ఈ ఒక్క అవసరాన్ని మనసులో పెట్టుకుని పని మొదలుపెడితే రూపకల్పనలో ఎదురయ్యే సగం ప్రశ్నలకు జవాబులు వాటంతట అవే దొరుకుతాయి. కంప్యూటర్ తెర మీద అందంగా కనిపించాలన్న కోరికతో మొదలుపెడితే మాత్రం, చివరికి క్లబ్ గోడకు తగిలించుకోవడానికి తప్ప మరెందుకూ పనికిరాని పతాకం తయారవుతుంది.

1. ఏ జెండా ఏమి చెబుతుందో ముందుగా వేరు చేసుకోండి

ఒక యాట్ మీద సాధారణంగా మూడు రకాల జెండాలు కనిపిస్తాయి. పడవ వెనుక భాగాన ఎగిరే ఎన్‌సైన్ ఆ పడవ ఏ దేశానికి చెందిందో చెబుతుంది. బర్జీ అనే చిన్న పతాకం, పడవ యజమాని లేదా దాన్ని నడుపుతున్న వ్యక్తి ఏ క్లబ్బు సభ్యుడో చెబుతుంది. ఇది చాలావరకు త్రికోణంగానూ, కొన్ని క్లబ్బుల్లో పాము నాలుకలా రెండు కొసలతోనూ ఉంటుంది. మూడోది యజమాని సొంత గుర్తు. మనం ఇక్కడ మాట్లాడుకునేది బర్జీ గురించి. దేశాన్ని చెప్పడం దాని పని కాదు కాబట్టి, జాతీయ పతాకపు రంగులనూ చిహ్నాలనూ అందులో ఇరికించవలసిన అవసరం లేదు.

ఈ మార్గదర్శిలో తరచుగా వచ్చే రెండు మాటలను ఇప్పుడే స్థిరపరచుకుందాం. తాడుకు కట్టే నిలువు అంచును నావికులు హాయిస్ట్ అంటారు, గాలికి ఎగిరే వైపును ఫ్లై అంటారు. తెలుగులో వాటిని మొదలు, కొస అనుకుంటే సరిపోతుంది.

2. పాత పతాకాలను చదవడం నేర్చుకోండి

కొత్తది గీయడానికి ముందు, వందేళ్లకు పైగా నీటి మీద నిలిచిన మూడు పతాకాలను పక్కపక్కన పెట్టి చూడడం మంచి అభ్యాసం.

ఇంగ్లండ్‌లోని ఐల్ ఆఫ్ వైట్ దీవిలో, కౌజ్ పట్టణంలో ఉన్న రాయల్ యాట్ స్క్వాడ్రన్ 1815లో ఏర్పడింది. దాని బర్జీ తెల్లని నేల (అంటే వెనుక రంగు) మీద ఎర్రని సెయింట్ జార్జ్ శిలువ, మధ్యలో కిరీటం. శిలువ ఇంగ్లండ్‌ను, కిరీటం రాజాశ్రయాన్ని చెబుతాయి. ఈ క్లబ్బు పడవలకు బ్రిటిష్ నౌకాదళపు తెల్ల ఎన్‌సైన్‌ను ఎగరేసే హక్కు 1829లో లభించింది. ఎరుపు, తెలుపు, నీలం ఎన్‌సైన్‌లను బ్రిటన్ 1864లో పునర్విభజించి, తెలుపును నౌకాదళానికి ప్రత్యేకించిన తరువాత కూడా ఆ హక్కు ఈ క్లబ్బుకు నిలిచింది. 1775లో మొదలైన రాయల్ థేమ్స్ యాట్ క్లబ్ బర్జీ నీలి నేల మీద తెల్ల శిలువ, మధ్యలో ఎర్ర కిరీటం. అంటే అమరిక దాదాపు అదే, రంగులే వేరు.

ఇక 1844 జూలై 30న జాన్ కాక్స్ స్టీవెన్స్ తన స్కూనర్ (ఒక రకం తెరచాప పడవ) గిమ్‌క్రాక్ మీద మిత్రులను కూర్చోబెట్టుకుని స్థాపించిన న్యూయార్క్ యాట్ క్లబ్‌ను చూడండి. నీలి నేల, ఎర్రని అడ్డ, నిలువు పట్టీలు, అవి కలిసే చోట తెల్లని అయిదు కొసల నక్షత్రం. ఇంగ్లండ్ క్లబ్బులలో కిరీటం కూర్చున్న చోట గణతంత్ర దేశపు క్లబ్బు నక్షత్రాన్ని కూర్చోబెట్టింది. పాత భాషలోనే కొత్త మాట చెప్పడమంటే ఇదే, ప్రతీకల విషయంలో ఇంతకు మించిన పాఠం నాకు కనిపించలేదు. రూపపరంగా చూస్తే ఆ పతాకంలో ఒక బలహీనత కూడా ఉంది. నీలం మీద ఎరుపు దూరానికి తేలదు, మునిమాపు వేళ రెండూ కలిసి ఒకే ముదురు మరకలా కనిపిస్తాయి. దూరం నుంచి ఆ పతాకాన్ని నిలబెట్టేది నడిమి తెల్ల నక్షత్రమే.

మన దేశంలో 1846 నాటి రాయల్ బాంబే యాట్ క్లబ్, 1911 నాటి రాయల్ మద్రాస్ యాట్ క్లబ్ ఈ బ్రిటిష్ సంప్రదాయం నుంచి వచ్చినవే. హుస్సేన్ సాగర్‌లో తెరచాప పోటీలు చూసినవారికి ఇలాంటి పతాకాలు కొత్త కావు.

3. ఒకే ఒక్క మాట ఎంచుకోండి

సభ్యులందరినీ కూర్చోబెట్టి గుర్తుగా ఏముండాలని అడిగితే చేప, లంగరు, సూర్యుడు, అల, చుక్కాని, గుడి గోపురం, స్థాపించిన సంవత్సరం అన్నీ వస్తాయి. అన్నింటినీ రాసుకోండి, కానీ పతాకం మీదికి ఒక్కటే వెళ్లాలి. భీష్ముడి పడగ మీద తాటిచెట్టుతో పాటు గంగానదినీ, విల్లునూ వేసి ఉంటే ఉత్తరుడికి ఏదీ కనిపించేది కాదు.

ఎంపికకు నేను వాడే కొలబద్ద ఒకటే. ఆ గుర్తు మీ క్లబ్బుకు తప్ప పక్క క్లబ్బుకు సరిపోకూడదు. లంగరు ప్రపంచంలోని ఏ క్లబ్బుకైనా సరిపోతుంది కాబట్టి అది మీ గురించి ఏమీ చెప్పదు. తాడు చుట్టుకున్న లంగరు బ్రిటిష్ నౌకాదళాన్ని నడిపిన అడ్మిరల్టీ ముద్రగా శతాబ్దాలుగా నలిగిన చిహ్నం, 1848 నాటి అమెరికా యాట్ ఎన్‌సైన్‌లో కూడా 13 నక్షత్రాల నడుమ అదే ఉంది. దానికి బదులు మీ నీటిని చూడండి. కృష్ణ మీది జలాశయంలో ఒక క్లబ్బు పెట్టుకున్నారనుకుందాం. అక్కడి జాలరుల పుట్టి పైనుంచి చూస్తే నిండు గుండ్రం. నీలి నేల మీద ఒక పసుపు గుండ్రం వేస్తే, తెలిసినవారికి పుట్టి, తెలియనివారికి పొద్దు. రెండు అర్థాలూ తప్పు కావు, గీయడానికి ఒక పళ్లెం చాలు. ఈ ఊహా పతాకాన్నే ఇక ముందు ఉదాహరణగా వాడుకుందాం.

కొన్ని గుర్తుల జోలికి చట్టప్రకారమే వెళ్లకూడదు. మన దేశంలో 1950 నాటి చిహ్నాలు, పేర్ల చట్టం, 2005 నాటి రాజ్యచిహ్న చట్టం జాతీయ పతాకం, అశోక చిహ్నం వంటివాటి వాడుకను నియంత్రిస్తాయి. తెల్లని నేల మీద పొట్టి చేతుల ఎర్ర శిలువ జెనీవా ఒప్పందాల రక్షణలో ఉన్న వైద్యసేవల చిహ్నం, మన దేశంలో దాన్ని 1960 నాటి చట్టం కాపాడుతుంది. సెయింట్ జార్జ్ శిలువ అంచుల దాకా సాగుతుంది కాబట్టి అది వేరు.

అక్షరాలు వద్దని గట్టిగా చెబుతాను. గుడ్డకు రెండు వైపులు ఉంటాయి. ఒక వైపు సరిగా కనిపించే అక్షరం రెండో వైపు తిరగబడుతుంది. అలా కాకుండా చేయాలంటే రెండు పొరలు కుట్టి మధ్యలో అస్తరు వేయాలి, అప్పుడు పతాకం బరువెక్కి చిన్న గాలికి ఎగరదు. పైగా మన తెలుగు లిపిలో అర్థమంతా తలకట్లలో, గుళ్లలో, కొమ్ముల్లో ఉంటుంది, దూరానికి ముందుగా మాయమయ్యేవి అవే.

4. కొలతలు, త్రికోణపు లెక్క

అమెరికా పడవల్లో పాటించే వాడుక ప్రకారం, తెరచాప పడవ మీది బర్జీ పొడవు, నీటి మట్టం నుంచి మాస్టు (తెరచాపను నిలిపే స్తంభం) కొన దాకా ఉన్న ఎత్తులో అడుగుకు అర అంగుళం చొప్పున ఉండాలి. మరపడవ అయితే పడవ మొత్తం పొడవులో అడుగుకు అయిదు ఎనిమిదో వంతుల అంగుళం. మొదలు వెడల్పు ఆ పొడవులో మూడింట రెండు వంతులు. మాస్టు కొన నీటికి 40 అడుగుల ఎత్తున ఉంటే బర్జీ పొడవు 20 అంగుళాలు, మొదలు 13 అంగుళాల పైచిలుకు.

లెక్క తేలికగా ఉండేందుకు మొదలు 30 సెంటీమీటర్లు, పొడవు 45 సెంటీమీటర్లు ఉన్న పతాకం తీసుకుందాం. త్రికోణం కొస వైపు ఎంత త్వరగా తరిగిపోతుందో కొత్తవారు ఊహించరు. మొదలు నుంచి సగం పొడవు దాకా ఉన్న భాగంలోనే మొత్తం గుడ్డలో నాలుగింట మూడు వంతులు ఉంటుంది. చివరి 15 సెంటీమీటర్లలో మిగిలేది తొమ్మిదో వంతు మాత్రమే. పైగా కొస ఎప్పుడూ కొరడాలా కొట్టుకుంటూ ఉంటుంది కాబట్టి, దాని మీద వేసిన గుర్తును ఎవరూ నిదానంగా చూడలేరు. అందుచేత గుర్తును మొదలు వైపుకు జరపాలి. ఈ త్రికోణంలో పట్టే అతిపెద్ద వృత్తం వ్యాసం దాదాపు 22 సెంటీమీటర్లు, దాని కేంద్రం మొదలు నుంచి 11 సెంటీమీటర్ల దూరంలో పడుతుంది. వృత్తం చుట్టూ నేల రంగు కనిపించాలి కాబట్టి వ్యాసాన్ని 14 లేదా 15 సెంటీమీటర్లకు తగ్గించి, కేంద్రాన్ని అక్కడే ఉంచితే మన పుట్టి కుదురుగా కూర్చుంటుంది.

గీత మందం విషయంలో కంటి శక్తే హద్దు. మామూలు చూపు ఉన్న కన్ను ఒక డిగ్రీలో అరవయ్యో వంతు కంటే చిన్న వివరాన్ని విడదీసి చూడలేదు. 100 మీటర్ల దూరంలో అది దాదాపు 3 సెంటీమీటర్లు, 300 మీటర్లలో దాదాపు 9 సెంటీమీటర్లు. కాబట్టి మన 30 సెంటీమీటర్ల పతాకం మీద 3 సెంటీమీటర్ల కంటే సన్నని గీత ఏదైనా సరే, వంద మీటర్లు దాటగానే లేనట్టే లెక్క. కంప్యూటర్‌లో గీసిన చేప పొలుసులు, తాడు పురులు, కిరీటపు రత్నాలు అన్నీ ఈ ఒక్క అంకె ముందు రాలిపోతాయి.

5. రంగులు

యూరప్ వంశచిహ్నాల శాస్త్రంలో ఒక పాత నియమం ఉంది. పసుపు, తెలుపులను లోహాలుగానూ, ఎరుపు, నీలం, ఆకుపచ్చ, నలుపులను రంగులుగానూ లెక్కించి, లోహం మీద లోహాన్నీ, రంగు మీద రంగునూ వేయకూడదంటారు. నిజానికిది వెలుతురు రంగు మీద ముదురు రంగు, ముదురు రంగు మీద వెలుతురు రంగు వేయమని చెప్పడమే. గడపకు పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టే మన ఇళ్లలో ఈ సూత్రాన్ని ఎవరికీ కొత్తగా నేర్పనక్కరలేదు. ఎరుపు, నీలం పక్కపక్కన తప్పనిసరి అయితే వాటి నడుమ తెల్లని పట్టీ వేయండి, ఆ పట్టీ కూడా పైన చెప్పిన మందం కంటే మరీ సన్నగా ఉండకూడదు.

నౌకలు ఒకదానికొకటి సందేశాలు పంపుకోవడానికి వాడే అంతర్జాతీయ సంకేత జెండాలన్నీ ఎరుపు, పసుపు, నీలం, తెలుపు, నలుపు అనే అయిదు రంగులతోనే తయారవుతాయి. సముద్రం మీద దూరానికి నమ్మదగిన తేడా చూపేవి ఇవేనన్న అనుభవం దాని వెనుక ఉంది. మీరూ ఈ అయిదింటిలో రెండు, మహా అయితే మూడు ఎంచుకోండి. ఎరుపును ఎంచుకునేటప్పుడు మాత్రం ఒక సంగతి గుర్తుంచుకోవాలి. వెలుతురు తగ్గే కొద్దీ మన కంటికి ఎరుపు నీలం కంటే ముందుగా నల్లబడుతుంది. సాయంత్రం ఒడ్డుకు చేరే పడవలను గుర్తుపట్టవలసిన చోట ఎర్ర నేల కంటే పసుపు, తెలుపు గుర్తులే మేలు. మగవారిలో కొందరికి ఎరుపు, ఆకుపచ్చల తేడా తెలియదు కాబట్టి ఆ రెండింటి మీదే ఆధారపడే జోడింపు అసలే వద్దు.

6. సంకేత జెండాలతో పోల్చి చూడండి

త్రికోణపు జెండాలు సంకేత భాషలో కూడా ఉన్నాయి. నీలం అంచుతో పసుపు త్రికోణం, మొదలు వైపు నీలం కొస వైపు తెలుపు ఉన్న త్రికోణం, తెల్లని నేల మీద అడ్డంగా నల్ల పట్టీ ఉన్న త్రికోణం, ఈ మూడూ ప్రత్యామ్నాయ జెండాలు, అంటే ఒకే వరుసలో పైన ఎగిరిన జెండాను మళ్లీ చెప్పడానికి దానికి బదులుగా వాడేవి. ఎరుపు, తెలుపు నిలువు పట్టీలతో కొస వైపు సన్నబడే జెండా సందేశం అందిందని చెప్పేది. మీ రూపం వీటిలో దేన్నీ పోలకూడదు. మన ఊహా పతాకం నీలం నేల మీద పసుపు గుండ్రం కాబట్టి, మొదటి ప్రత్యామ్నాయ జెండాకు రంగుల్లో దగ్గరగా వస్తుంది. నిజంగా ఇలాంటిది చేసేవారు గుండ్రాన్ని తెలుపుగా మార్చడమో, నేలను ఎరుపు చేయడమో ఈ దశలోనే ఆలోచించాలి. నేనైతే పసుపును వదులుకుని తెల్ల గుండ్రానికి మొగ్గుతాను. పొద్దు అనే అర్థం కొంత పోయినా, పుట్టి అనే అర్థం మిగులుతుంది. ఆ నీటిలో తిరిగే ఇతర క్లబ్బుల పతాకాలతో కూడా ఇలాగే పోల్చాలి.

7. కాగితంతో, ఆపైన గుడ్డతో పరీక్ష

ఈ మెట్టును దాటవేసేవారే ఎక్కువ. దయచేసి దాటవేయకండి.

పతాకాన్ని పదో వంతుకు తగ్గించి, 3 సెంటీమీటర్ల మొదలు, 4.5 సెంటీమీటర్ల పొడవుతో రంగు కాగితం మీద కత్తిరించి గోడకు అంటించండి. పది మీటర్లు వెనక్కి నడవండి. అక్కడి నుంచి కనిపించేదే వంద మీటర్ల దూరంలో అసలు పతాకం కనిపించే తీరు. క్లబ్బుతో సంబంధం లేని ఒక మనిషిని పిలిచి, కనిపించినదాన్ని మాటల్లో చెప్పమనండి. "నీలం మీద తెల్ల గుండ్రం" అన్న నాలుగు మాటల్లో జవాబు వస్తే రూపం గట్టిదే. "ఏదో పక్షిలాగా ఉంది" అంటే మళ్లీ గీయాలి.

తరువాత అసలు కొలతలో ఒక నమూనా కుట్టించి, డాబా మీద వెదురు గడకు కట్టి, ఒక రోజంతా గమనించండి. నిండు గాలిలో ఎలా ఉంటుందో అందరూ చూస్తారు, గాలి లేనప్పుడు చూడడం మరచిపోతారు. గాలి పడిపోగానే కొస కిందికి వాలి, గుడ్డ గడను ఆనుకుని నిలువు మడతలు పడుతుంది. నేను కట్టి చూసిన ఒక నమూనాలో గుర్తు పొడవు మధ్యలో ఉండేది. గాలి తగ్గగానే అది మడతలోకి వెళ్లిపోయి, బయటికి నేల రంగు ఒక్కటే కనిపించింది. అదే గుర్తును అయిదు వేళ్లంత మొదలు వైపుకు జరిపి మళ్లీ కట్టినప్పుడు, వాలిన పతాకంలో కూడా సగం గుండ్రం మడత మీదుగా బయటికి కనిపిస్తూనే ఉంది. ఆ తేడాను ఏ తెర మీదా చూడలేం. గుడ్డను నీళ్లలో ముంచి కూడా ఒకసారి కట్టి చూడండి. తడిసిన ముదురు నీలం నలుపుకు ఎంత దగ్గరవుతుందో తెలుస్తుంది.

8. పదాధికారుల పతాకాలు

బ్రిటిష్ సంప్రదాయంలో క్లబ్ అధ్యక్షుడైన కమోడోర్, బర్జీ రూపాన్నే రెండు కొసల పతాకంగా మార్చి ఎగరేస్తాడు. ఆయన తరువాతి అధికారి వైస్ కమోడోర్ పతాకంలో మొదలు వైపు పై మూలన ఒక చిన్న గుండ్రం, ఆ తరువాతి రియర్ కమోడోర్ పతాకంలో రెండు గుండ్రాలు అదనంగా ఉంటాయి. అమెరికాలో దీర్ఘచతురస్రాలు వాడతారు, కమోడోర్‌కు నీలం, వైస్ కమోడోర్‌కు ఎరుపు, రియర్ కమోడోర్‌కు తెలుపు. మీరు బ్రిటిష్ పద్ధతిని ఎంచుకునేట్టయితే పై మూలను ఇప్పుడే ఖాళీగా వదలండి. మన పుట్టి గుండ్రానికి ఇక్కడ ఇంకో చిక్కు ఉంది. వైస్ కమోడోర్ గుండ్రం దాని పక్కన తోడు చంద్రుడిలా చేరి తికమక పెడుతుంది. కాబట్టి అధికారి గుండ్రం పుట్టిలో నాలుగో వంతుకు మించకుండా, వేరే రంగులో ఉండాలి.

9. మాటల్లో రాసి ఉంచండి, తరువాతే కుట్టించండి

బొమ్మ పోవచ్చు, ఫైలు తెరుచుకోకపోవచ్చు. క్లబ్ నియమావళిలో పతాకాన్ని మాటల్లో వర్ణించి రాస్తే, ఏ దర్జీ అయినా దాన్ని మళ్లీ తయారు చేయగలడు. ఉదాహరణకు ఇలా రాయవచ్చు: "త్రికోణ పతాకం. మొదలు, పొడవుల నిష్పత్తి రెండుకు మూడు. నీలి నేల. మొదలు వెడల్పులో సగం వ్యాసంతో తెల్లని గుండ్రం, దాని కేంద్రం పొడవులో నాలుగో వంతు దగ్గర, నడిమి రేఖ మీద."

గుడ్డగా ఒకప్పుడు బంటింగ్ అనే పలచని ఉన్ని గుడ్డ వాడేవారు, ఇప్పుడు నైలాన్, పాలిస్టర్ వాడుతున్నారు. నైలాన్ తేలిక కాబట్టి చిన్న గాలికే ఎగురుతుంది. గుర్తును ముద్రించడం కంటే వేరు గుడ్డతో కత్తిరించి అతికి కుట్టి, వెనుక వైపు అదనపు గుడ్డను కత్తిరించి తీయడం మేలు. అప్పుడు రెండు వైపులా ఒకే రూపం ఒకే రంగుతో కనిపిస్తుంది. మొదలు అంచుకు గట్టి పట్టీ వేసి, అందులోంచి తాడు పోనివ్వాలి. జెండాలను త్వరగా తగిలించే కొక్కేలను 1890లో రూపొందించిన బ్రిటిష్ నౌకాదళ అధికారి ఇంగిల్‌ఫీల్డ్ పేరే వాటికి నిలిచింది, వాటిని వాడితే ముడులు వేసే పని ఉండదు.

10. ఎగరవేయడం, కాపాడుకోవడం

మాస్టు కొన మీద చిన్న కర్రకు కట్టి ఎగరేయడం పాత మర్యాద. ఇప్పుడు మాస్టు కొనల మీద గాలి కొలిచే పరికరాలు ఉండడం వల్ల చాలామంది కుడి వైపు అడ్డకర్ర కింద ఎగరేస్తున్నారు. ఏ తాడు మీద కట్టినా బర్జీకి పైన మరో జెండా ఉండకూడదు. వేరే దేశపు నీటిలోకి వెళితే కుడి వైపు స్థానాన్ని ఆ దేశపు పతాకానికి ఇచ్చి, బర్జీని ఎడమ వైపుకు మార్చాలి. పందెంలో ఉన్న పడవ సంప్రదాయంగా ఎన్‌సైన్‌ను, బర్జీని దించుతుంది. డింగీలు అనే చిన్న పడవలు మాత్రమే ఉన్న జలాశయపు క్లబ్బులలో బర్జీ ఎక్కువగా ఎగిరేది ఒడ్డున ఉన్న ధ్వజస్తంభం మీదనే కాబట్టి, అక్కడికి పెద్ద కొలతలో ఒకటి వేరుగా కుట్టించండి.

వానలో, హోరుగాలిలో ఊరికే వదిలేయకండి. ముందుగా చిరిగేది ఎప్పుడూ కొసే. దారాలు రెండు వేళ్ల మేర లేవగానే ఆ భాగాన్ని కత్తిరించి, అంచు మడిచి మళ్లీ కుట్టించండి. గుర్తు మొదలు దగ్గర ఉన్న పతాకమైతే ఇలా రెండు మూడుసార్లు కత్తిరించినా ఆనవాలు చెడదు. అంతకు మించి పొట్టిబడితే కొత్తది కుట్టించి, పాతదాన్ని ఉతికి, ఆరబెట్టి, మీ నీటిని చూడడానికి వచ్చిన మరో క్లబ్బుకు ఇచ్చి వాళ్ల బర్జీని తీసుకోవచ్చు. పతాకాలను ఇలా మార్చుకోవడం యాట్ క్లబ్బులలో చాలాకాలంగా ఉన్న ఆచారం.